పాతదే కొన్నాము

"ఇది కూడా ఎవరో వాడి వదిలేసిందేనట్రా?"

2024 క్రిస్మస్ సెలవుల్లో మేము కోడూరు వెళ్ళినప్పుడు, మాలో కోడూరు వాడి మామ్మ అడిగిన మాట ఇది. అప్పటికి మేము ల్యాప్‌టాప్ కొని మూడు వారాలయింది. నలుగురం కలిసి కొన్నాము కాబట్టి నలుగురి ఇళ్ళలోనూ చూపించాలని ముందే అనుకున్నాము. మామ్మ దాని మూత మీద చెయ్యి వేసి, ఒక మూల రంగు అరిగిన చోట గోటితో గీకి చూసి ఆ మాట అడిగింది. మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఆ రోజు మామ్మకు చెప్పలేకపోయిన జవాబే రాద్దామనుకున్నాము. ల్యాప్‌టాప్ కొనుక్కోవాలనుకునే తమ్ముళ్ళకు కూడా ఇది కొంత ఉపయోగపడవచ్చు.

మేము నలుగురం బందరులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఒకడిది కోడూరు, ఒకడిది నాగాయలంక, ఒకడిది పెడన, ఒకడిది గుడివాడ పక్క పల్లె. హాస్టల్లో పేరు కంటే ఊరే ముందు అలవాటవుతుంది కదా, అందుకని ఇక్కడ కూడా ఊళ్ళతోనే రాస్తున్నాము.

ఇప్పుడు డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. ప్రతిదానికీ రిపోర్టు తయారు చేయాలి. మా అందరికీ ఫోన్లున్నాయి గానీ పట్టికలతో, ఫోటోలతో ముప్పై పేజీల రిపోర్టు ఫోన్లో చేయడం మా వల్ల కాలేదు. నెట్ సెంటర్‌లో టైపింగుకు పేజీకి 20 రూపాయలు తీసుకునేవారు. తప్పులు దిద్దించడానికి మళ్ళీ డబ్బు, ప్రింటుకు మళ్ళీ డబ్బు. ఒక్క సెమిస్టరుకే నలుగురికీ కలిపి 3,000 రూపాయలు దాటింది. "ఇలా నాలుగుసార్లు కడితే ఒక కంప్యూటరులో సగం వచ్చేది" అని పెడన వాడు లెక్క వేసి చెప్పాడు. అప్పటి నుంచి ఆ లెక్క మాకు నిద్ర పట్టనివ్వలేదు.

బందరులో దుకాణాలన్నీ తిరిగి ధరలు కనుక్కున్నాము. మా అవసరానికి సరిపోయే కొత్త ల్యాప్‌టాప్ 38,000 నుంచి 45,000 రూపాయల వరకు చెప్పారు. వాయిదాల మీద తీసుకోమన్నారు. నెలనెలా కట్టే ఆదాయం మాకెక్కడిది? ఈ సంగతి తెలిసి కోడూరు వాడి అమ్మ తానే ముందుకు వచ్చింది. డ్వాక్రా సంఘంలో 40,000 అప్పు తీసి కొంటానని, నలుగురూ వాడుకోమని ఫోన్లో చెప్పింది. ఆమె రొయ్యల షెడ్డులో పనికి వెళ్తుంది. పని ఉన్న రోజు 400 వస్తుంది. అంటే 40,000 అంటే వంద రోజులు ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవడం, వడ్డీ కాకుండా. ఫోను పెట్టేశాక ఆ రాత్రి మేము ఎవరమూ ఆ విషయం మాట్లాడుకోలేదు. తెల్లవారాక మాత్రం కోడూరు వాడే అన్నాడు: "అప్పు వద్దురా. మన దగ్గరున్నంతలో పాతది కొందాం."

మా దగ్గరున్నది వేసవిలో సంపాదించుకున్న డబ్బు. ఇద్దరం గుడివాడ వైపు పెళ్ళిళ్ళకు క్యాటరింగ్ పనికి వెళ్ళాము. పెడన వాడు కలంకారీ అద్దకపు బల్ల దగ్గర పని చేశాడు. నాగాయలంక వాడు చేపల చెరువుల మీద రాత్రి కాపలా కాశాడు. తలా 4,500 వేస్తే 18,000 అయింది.

నవంబరులో ఒక శనివారం బందరులో విజయవాడ రైలెక్కాము. ముందు రోజే ఇంటికి వెళ్ళిన గుడివాడ వాడు గుడివాడలో కలిశాడు. విజయవాడలో ఒక దుకాణంలో మెరిసిపోతున్న ల్యాప్‌టాప్ చూపించి, "ఐ5, 8 జీబీ, ఎస్సెస్డీ. 15,500 ఇవ్వండి" అన్నారు. ఐ5 అనగానే మాకు ఇంకేమీ వినపడలేదు. బిల్లు అడిగితే, "బిల్లు కావాలంటే టాక్స్ పడుతుంది తమ్ముడూ, నా మాట చాలదా?" అన్నాడు యజమాని. చాలుననుకున్నాము. విజిటింగ్ కార్డు వెనక ధర రాసి ఇచ్చాడు. మిగిలిన డబ్బులో బిర్యానీ తిని ఆనందంగా తిరిగి వచ్చాము.

ఆ ఆనందం మూడు రోజులు. లోపల ఏవేవో పాత ఫైళ్ళు కనిపిస్తే అన్నీ తుడిచేసి విండోస్ మళ్ళీ మొదటి నుంచి వేశాము. నెట్‌కు కలపగానే ఏదో సంస్థ పేరు వచ్చి, ఆ సంస్థ ఈ-మెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. ఎంత చేసినా అక్కడి నుంచి కదలలేదు. దుకాణానికి ఫోన్ చేస్తే, "సాఫ్ట్‌వేర్‌కి వారంటీ లేదు" అని పెట్టేశారు. 15,500 రూపాయలు ట్రంకు పెట్టె మీద నల్లగా తెర మూసుకుని కూర్చున్నాయి. పాతది కొందామని మొదట అన్న కోడూరు వాడు ఆ రెండు రోజులూ మెస్సుకు రాలేదు.

గుడివాడ వాడు తమ ఊళ్ళో రిపేర్లు చేసే ఒకాయన ఉన్నాడని చెబితే అక్కడికి తీసుకువెళ్ళాము. చిన్న దుకాణం. ఒకప్పుడు టీవీలు బాగు చేసేవాడట, తర్వాత సెల్‌ఫోన్లు, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు. ఆయన చూసిన పద్ధతి మాకు ఇప్పటికీ గుర్తుంది. గేదెను కొనేవాడు ముందు పళ్ళు చూసినట్టు, తెర చూడకుండా ముందు దాన్ని వెనక్కి తిప్పి కింద ఉన్న నంబర్లు చదివాడు. చూసి, "బాబూ, పాతది కొనడం తప్పు కాదు. చూడకుండా కొనడం తప్పు" అన్నాడు.

అసలు సంగతి ఆయనే వివరించాడు. పెద్ద పెద్ద సంస్థలు తమ ఉద్యోగులకు వందల సంఖ్యలో ల్యాప్‌టాప్‌లు కొంటాయి, లేదా అద్దెకు తీసుకుంటాయి. మూడు నాలుగేళ్ళకు అన్నీ ఒకేసారి మారుస్తాయి. వాటిని వ్యాపారులు టోకున కొని, శుభ్రం చేసి, చెడిన భాగాలు మార్చి అమ్మితే దాన్ని రిఫర్బిష్డ్ అంటారు. ఏ మరమ్మతూ లేకుండా చేతులు మారితే అది వట్టి సెకండ్ హ్యాండ్. మేము కొన్నది సంస్థ తన జాబితాలోంచి తీసివేయకుండానే బయటికి వచ్చిన మిషను. ఆ సంస్థవాళ్ళు తీస్తే తప్ప ఆ అడ్డు పోదు. రెండోది, ఐ5 అనే పేరు ఒక్కటే చూస్తే లాభం లేదు. దాని పక్కన ఉండే అంకె చూడాలి. మాది 6300, అంటే ఆరో తరం. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేస్తోందని, విండోస్ 11కి మామూలుగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలని చెప్పాడు. అందుకే ఆరు, ఏడు తరాల మిషన్లు అంత చవకగా దుకాణాల్లోకి వస్తున్నాయట. ఇంత చెప్పి డబ్బు తీసుకోలేదు. టీ మాత్రం మేము తాగించాము.

మళ్ళీ విజయవాడ వెళ్ళాము. ఈసారి పొద్దున పదకొండింటికి ఆ దుకాణంలో కౌంటరు మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి, ఆ సంస్థ పేరు కనిపిస్తున్న తెర అందరికీ కనబడేటట్టు ఉంచి, పక్కన నిలబడ్డాము. గొడవ పడలేదు. ఎవరైనా కొనడానికి వచ్చి ఇదేమిటని అడిగితే నాగాయలంక వాడు నెమ్మదిగా చెప్పేవాడు. మధ్యాహ్నం మూడున్నరకు యజమాని లోపలికి పిలిచి, డబ్బు తిరిగివ్వనని, మార్చి వేరేది ఇస్తానని అన్నాడు. అప్పుడు మేము ఎంచుకున్నది లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. 2018లో వచ్చిన మోడల్, ఎనిమిదో తరం ఐ5. ధర 18,000. తేడా 2,500 కట్టి, బిల్లు తీసుకుని, ఆరు నెలల వారంటీ బిల్లు మీదే రాయించుకున్నాము. కట్టే ముందు రెండు గంటలు పరీక్ష చేశాము. దుకాణంలో వాళ్ళు విసుక్కున్నారు, మేము విసుక్కోలేదు.

ఆ రెండు గంటల్లో ఏమి చూశామో తమ్ముళ్ళ కోసం వివరంగా రాస్తున్నాము. ముందుగా ప్రాసెసర్ నంబరు. నాలుగంకెల నంబరు 1తో కాకుండా వేరే అంకెతో మొదలైతే ఆ మొదటి అంకె తరం చెబుతుంది. తర్వాత దుకాణంలోనే విండోస్‌ను మొదటికి తెచ్చి, మన ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్‌కు కలపాలి. ఏ సంస్థ పేరూ అడగకుండా ముందుకు వెళ్ళాలి. ఆన్ అవుతున్నప్పుడు బయోస్‌లోకి వెళ్ళి చూడాలి, అక్కడ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే వదిలేయాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీరిపోర్ట్ ఆదేశం ఇస్తే, బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు ఎంత పట్టేదో, ఇప్పుడు ఎంత పడుతోందో తెలుస్తుంది. మాదానికి రెండు బ్యాటరీలు. బయటిది 80 శాతం, లోపలిది 60 శాతం చూపించాయి. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కాలి. తెల్లటి పేజీ నిండుగా పెట్టి తెర మీద మచ్చలు చూడాలి. కెమెరా, మైకు, స్పీకరు, మూత బిగువు, ఒక్కొక్క రంధ్రంలోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలి. చివరగా ల్యాప్‌టాప్ కింద ఉన్న సీరియల్ నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా అని చూడాలి. బిల్లు లేకుండా ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

బందరులో పెరిగినవాళ్ళకు ఈ తేడా చెప్పనక్కరలేదు. మన ఊరి రోల్డ్‌గోల్డ్ నగలు దేశమంతా వెళ్తాయి. రోల్డ్‌గోల్డ్ అని చెప్పి అమ్మితే అది నిజాయితీ అయిన వ్యాపారం. దాన్నే బంగారమని అమ్మితే మోసం. పాత ల్యాప్‌టాప్ కూడా అంతే. ఎంత పాతదో, ఏమి మార్చారో చెప్పి అమ్మితే కొనవచ్చు.

ఇక మామ్మ మాట దగ్గరికి వస్తాము. ఆ క్రిస్మస్ రాత్రి అన్నాలయ్యాక మామ్మే మళ్ళీ ఎత్తింది. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆమె కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. నీళ్ళు తీశాక ఇల్లు ఉన్న చోట ఇల్లు లేదు. కొన్ని రోజులకు లారీల్లో బట్టల మూటలు వచ్చాయట. వరసలో నిలబడితే మామ్మ చేతిలో ఒక ఉన్ని కోటు పెట్టారు. "దివిసీమలో ఉన్ని కోటు ఏం చేసుకుంటాం నాయనా? కానీ వద్దని ఎట్లా అంటాం? ఇచ్చేవాళ్ళు మంచి మనసుతోనే ఇచ్చారు. నీకేం కావాలని అడిగినవాళ్ళు మాత్రం లేరు" అంది. తర్వాత కూడా ఆసాముల ఇళ్ళలో పాత చీరలు, వాళ్ళ పిల్లలు చదివి వదిలేసిన పుస్తకాలు. "మీ చేతికైనా కొత్తది రావాలని ఆశ" అని ఊరుకుంది.

హాస్టల్లో పెరిగిన మాకు ఆ మాట ఎందుకు గుచ్చుకుందో తమ్ముళ్ళకు తెలుసు. మనమందరమూ సీనియర్ల గైడ్లు చదివినవాళ్ళమే, ఎవరో వదిలేసిన ట్రంకు పెట్టెకు తాళం మార్చి వాడుకున్నవాళ్ళమే. పాత వస్తువు అంటే మనకు ముందుగా గుర్తొచ్చేది చిన్నతనం.

కానీ తర్వాత చాలాసార్లు మాట్లాడుకుని మేము ఒక అభిప్రాయానికి వచ్చాము. మామ్మ ఆ ఉన్ని కోటును తిరిగి ఇవ్వలేకపోయింది. మేము మొదటి ల్యాప్‌టాప్‌ను తిరిగి ఇచ్చాము. ప్రశ్నలు అడిగాము, రెండు గంటలు తిప్పి తిప్పి చూశాము, బేరమాడాము, బిల్లు తీసుకున్నాము. చేతిలో పెట్టిన పాత వేరు, చూసి ఎంచుకున్న పాత వేరు. మన హాస్టల్ హాల్లో పటంలో ఉన్న అంబేద్కర్ గారు 1913లో న్యూయార్క్ వెళ్ళి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన రోజుల్లో, ఉపకార వేతనంలో మిగిల్చుకుని పాత పుస్తకాల దుకాణాల్లో రెండు వేల దాకా పుస్తకాలు కొన్నారని ఆయన జీవిత చరిత్రల్లో ఉంది. అవి ఎవరో చదివి వదిలేసినవే. అయినా ఆయన ఒక్కొక్కటీ ఏరి కొనుక్కున్నారు. అందులో చిన్నతనం ఏముంది?

ఈ జవాబును మామ్మకు మేము మాటల్లో చెప్పలేదు. 2025 ఏప్రిల్ 20న 16,347 టీచరు పోస్టులకు మెగా డీఎస్సీ ప్రకటన వచ్చింది. కోడూరు వాడి అక్క అప్పటికి అవనిగడ్డలో కోచింగ్ తీసుకుంటోంది. టీచరు ఉద్యోగాల కోచింగ్‌కు అవనిగడ్డ ఎంత పేరున్న ఊరో మనకు తెలుసు. పరీక్ష మాత్రం కంప్యూటరు మీద. అక్క అప్పటిదాకా మౌసు పట్టుకోలేదు. మా రిపోర్టులు అప్పటికి పూర్తయ్యాయి కనుక ల్యాప్‌టాప్ ఆరు వారాలు కోడూరులోనే ఉంచాము. అక్క రోజూ రాత్రి నమూనా పరీక్షలు రాసేది. మామ్మ పక్కన కూర్చుని విసనకర్ర విసిరేదట, అక్కకు కాదు, ల్యాప్‌టాప్‌కు, వేడెక్కుతోందని. జూన్ 6న పరీక్షలు మొదలయ్యాయి. అక్కకు ఈసారి ఉద్యోగం రాలేదు, కొద్ది మార్కుల్లో పోయింది. "చదువు చాలక పోయింది, చెయ్యి వణికి పోలేదు" అని అక్క చెప్పింది. మళ్ళీ చదువుతోంది. ల్యాప్‌టాప్ తిరిగి మా దగ్గరికి వచ్చినప్పుడు దానికి పువ్వుల గుడ్డతో కుట్టిన సంచి ఉంది. మామ్మ బజారులో కొత్త గుడ్డ కొని కుట్టించిందట.

కష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. వారంటీ అయిపోయిన నెలలోనే లోపలి బ్యాటరీ పూర్తిగా పోయింది. గుడివాడలో అదే ఆయన దగ్గర 2,200 పెట్టి మార్పించాము. బందరు ఉప్పుగాలికి కింది స్క్రూలు తుప్పు పట్టాయి. అన్నీ కలిపి, మా రైలు ఛార్జీలతో సహా, 22,000 దాకా అయింది. కొత్తదానిలో సగం. ఒక్కరే ఐదారేళ్ళు వాడుకోవాలనుకుని, చేతిలో డబ్బు ఉండి, అప్పు చేయనక్కరలేనివాళ్ళు కొత్తది కొంటే మంచిదే. వీడియో ఎడిటింగ్ వంటి బరువైన పనులకు మాలాంటిది సరిపోదు. టైపింగు, ఎక్సెల్, టాలీ, ఆన్‌లైన్ క్లాసులు, దరఖాస్తులకు మాత్రం మాకు ఏ రోజూ తక్కువ కాలేదు. పైగా ఒక ల్యాప్‌టాప్ తన జీవితకాలంలో వదిలే కాలుష్యంలో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసేటప్పుడే వస్తుంది. తయారైపోయినదాన్ని ఇంకో నాలుగేళ్ళు నడిపిస్తే అదీ ఒక మేలే. 2023 ఏప్రిల్ నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల నిబంధనల్లో రిఫర్బిష్ చేసేవాళ్ళనూ గుర్తించి రిజిస్టరు చేసుకోమన్నారు.

మా నలుగురి డిగ్రీ పూర్తయింది. దారులు వేరయ్యాయి. ల్యాప్‌టాప్‌ను మా గదిలోకి వచ్చిన తమ్ముళ్ళకు ఇవ్వాలనుకున్నాము. ఊరికే ఇస్తే అది మళ్ళీ మూటలో వచ్చిన కోటు అవుతుందేమోనని ఆలోచించి, 4,000 ధర పెట్టాము. ఆ డబ్బు మేము తీసుకోకుండా గదిలోనే రిపేర్ల నిధిగా ఉంచాము. ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో దాని చరిత్రంతా రాశాము: ఎప్పుడు కొన్నాము, బిల్లు, బ్యాటరీ ఏ తేదీన మార్చాము, మూత ఎక్కడ వదులయింది, ఏ మీట గట్టిగా నొక్కాలి.

తమ్ముళ్ళు నోటుపుస్తకం తీసుకుని, "అన్నా, రెండు రోజులు చూసి చెబుతాం" అన్నారు. లోపల కాస్త చివుక్కుమంది. మా వస్తువును మా దగ్గరే పరీక్ష చేస్తారా అనిపించింది. మూడో రోజు ఫోన్ చేశారు. కుడివైపు రెండో యూఎస్‌బీ రంధ్రంలో పెన్‌డ్రైవ్ కొంచెం వంచి పెడితే తప్ప పట్టడం లేదట. ఆ సంగతి మా పుస్తకంలో లేదు. ఏడాది వాడినా మేము గమనించలేదు. "300 తగ్గించండి అన్నా" అన్నారు.

తగ్గించాము. ఆ లోపం పుస్తకంలో వాళ్ళ చేతిరాతతోనే రాయించాము. 3,700 నిధిలో వేశారు. పువ్వుల సంచి కూడా ఇచ్చాము, దానికి ధర కట్టలేదు. ఈసారి కోడూరు వెళ్ళినప్పుడు ఈ 300 రూపాయల సంగతి మామ్మకు చెబుతాము. ఆమె అడిగినదానికి ఇంతకంటే మంచి జవాబు మా దగ్గర లేదు.